జరపకూడని పావు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం, ఎండ ఇంకా తగ్గకముందే, నాదెండ్ల నుంచి స్వప్న అనే అమ్మాయి నరసరావుపేటలో మా ఇంటికి వచ్చింది. అమ్మాయి అని అలవాటుగా అంటున్నాను గానీ ఆమెకు హైస్కూల్లో చదివే పిల్లలున్నారు. నేను అప్పుడు కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని ఒక చెక్క ఏనుగును గరుకు కాగితంతో రుద్దుతున్నాను. ఇప్పుడు నా పని అదే. హైదరాబాదులో, బెంగళూరులో కొందరు కుర్రవాళ్ళు యుద్ధాల మీద ఆటలు తయారుచేస్తున్నారు. మ్యాపు పరుచుకుని, దాని మీద కోటలూ సైన్యాలూ పెట్టుకుని, గంటల తరబడి ఆలోచించి ఒక్కో అడుగు వేసే ఆటలు. ఆ సైన్యాల పావులకు నమూనాలు నేను చేసిస్తాను. డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక కాలక్షేపానికి మొదలుపెట్టింది కాస్తా ఇప్పుడు ఉద్యోగం రోజుల్లో కంటే ఎక్కువ పని పెడుతోంది. స్వప్న కూడా ఆ పని మీదే వచ్చిందనుకుని కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. "మాది నాదెండ్ల పెద్దమ్మా. అంకమ్మ మనవరాల్ని. కోటయ్య మామయ్య వాళ్ళ చెల్లెలి కూతుర్ని," అంది. నేను ఏనుగును పక్కన పెట్టాను.

అంకమ్మ పోయి రెండు వర్షాకాలాలు గడిచాయట. ఆమె ఉన్న పాత మిద్దె కూలగొట్టి కొత్తది కట్టుకోవాలని వాళ్ళు ముగ్గు కూడా పోశారు. కానీ వెనక గదిలో, గోడ గూట్లో, ఎప్పుడో మా ఇంటి నుంచి వెళ్ళిన రాతి పావు ఒకటుంది. అంకమ్మ బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎవరినీ కదపనివ్వలేదు. "నీళ్ళు పోసినా ఆ గూట్లోనే, బొట్టు పెట్టినా ఆ గూట్లోనే. సున్నం వేసేటప్పుడు కూడా దాని చుట్టూ వేసేవాళ్ళు గానీ ఇంత పక్కకి జరపలా. ఇప్పుడు గోడ పడగొట్టాలంటే ముందు దాన్ని తియ్యాల గదా. మా అమ్మ ముట్టనంటది. మేస్త్రీ కూడా నావల్ల కాదంటన్నాడు," అని చెప్పుకుపోయింది. అసలు సంగతి చివర్న చెప్పింది. "అమ్మమ్మ పోయేముందు ఒకటే మాట అంది. ఎప్పుడన్నా జరపాల్సొస్తే మీ అన్నయ్యగారే జరపాలంట. ఆయన్ని ఒక్కసారి మా ఇంటికి తీసుకురావా పెద్దమ్మా?" నేను మాట్లాడి చెప్తానన్నాను. ఆ మాట అన్నాను గానీ, మా అన్న ఒక పావును చేత్తో పట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. ఆమెను బస్సెక్కించి వచ్చాక ఆ పూట ఏనుగు పని సాగలేదు.

మా పుట్టిల్లు మాచర్ల దగ్గర దుర్గిలో, రాయి చెక్కేవాళ్ళ వీధిలో. ఇల్లంటే వెనక రెండు గదులు, ముందు పెద్ద తాటాకు పందిరి. ఆ పందిరే అసలు ఇల్లు, గదులు పడుకోవడానికి మాత్రమే. నాన్న పొద్దున్నే కొలిమి రాజేసి ఉలులకు మొనలు తీసేవాడు. ఎర్రగా కాలిన ఉలిని నీళ్ళలో ముంచినప్పుడు లేచే వాసనతో మాకు తెల్లవారేది. ఆ తర్వాత రోజంతా ఉలి చప్పుడు, దానితోపాటు దుమ్ము. ఆ దుమ్ముతో అమ్మ చేసిన పోరాటం ముందు నేను తర్వాత చూసిన ఏ యుద్ధం ఆటా నిలవదు. అన్నం కుండ మీద తడిగుడ్డ, మజ్జిగ దుత్త మీద తడిగుడ్డ, ఎండబెట్టిన మిరపకాయల మీద పాత చీర. అయినా ముద్ద నోట్లో పెడితే పళ్ళ కింద సన్నగా కరకరమనేది. నాన్న మాత్రం పట్టించుకోకుండా తినేవాడు. ఆయన కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. చిన్నప్పుడు ఆయన ముసలివాడనుకునేదాన్ని. తలంటు పోసుకున్న రోజున నల్లటి కనుబొమలతో బయటికొస్తే ఎవరో చుట్టం వచ్చినట్టుండేది.

పందిట్లో ఎప్పుడూ నలుగురైదుగురు దేవుళ్ళు సగం చెక్కి ఉండేవాళ్ళు. ఎవరికీ కళ్ళుండేవి కావు. మిగతా ఒళ్ళంతా పూర్తయ్యాక, బొమ్మ చేయించుకున్నవాళ్ళు వచ్చిన రోజున, నాన్న స్నానం చేసి, ఉపవాసం ఉండి, బంగారు సూదితో కంటిపాపలు గీసేవాడు. కళ్ళు తెరిపించడం అంటాం దాన్ని. అప్పటిదాకా అది రాయి. ఆ తర్వాత దేవుడు. ఈ తేడా మా అమ్మకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కళ్ళు లేనంతకాలం ఆంజనేయస్వామి గద మా ఇంటి దండెం. అమ్మ తడి లంగాలు దాని మీదే ఆరేసేది. అమ్మవారి ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యం ఏరేది. కళ్ళు తెరిపించిన మరుక్షణం కొంగు భుజం నిండా కప్పుకుని, పక్కనుంచి పోవాల్సొస్తే చుట్టూ తిరిగిపోయేది. ఇక ఆ బొమ్మను చేయించుకున్నవాళ్ళు మేళంతో వచ్చి బండెక్కించుకోవాల్సిందే గానీ మాలో ఎవరూ అంగుళం జరిపేవాళ్ళు కాదు.

ఆ నియమానికే రెండో వైపు ఒకటుండేది. మిగిలిన ముక్కలతో నాన్న ఆటబొమ్మలు చేసేవాడు. పులిమేక ఆటకు పులులు, మేకలు, పిల్లలకు ఎడ్లబండ్లు. వాటికి తోకలుండేవి, కోరలుండేవి, కళ్ళు మాత్రం పెట్టేవాడు కాదు. ఒకసారి నేను బొగ్గుతో ఒక పులికి కళ్ళు గీస్తే పిలిచి తుడిపించాడు. "ఏమే, కళ్ళు పెడితే రేపు దాన్ని మేకలు కట్టేసినప్పుడు ఎట్టా ఎత్తి అవతల పడేస్తావు? ఆట ఆగిపోద్ది," అన్నాడు. ఆయన దగ్గర దానికి మించి వివరణలు ఉండేవి కావు. నేను అడగనూ లేదు.

అన్న పేరు భద్రం. నాకంటే పెద్దవాడు, చేతిలో మంచి పనున్నవాడు, కానీ పందిట్లో కూర్చునే ఓపిక లేనివాడు. గుంటూరులో మిలిటరీలోకి తీసుకుంటున్నారని తెలిసి చెప్పకుండా వెళ్ళి చేరాడు. అదే వరసలో నిలబడి చేరినవాడు నాదెండ్ల కోటయ్య. ఊరుగాని ఊళ్ళో, భాషగాని భాషలో, ఇద్దరికీ ఇద్దరే. ఒకసారి సెలవుల్లో కోటయ్య మా ఇంటికొచ్చి కొన్నాళ్ళున్నాడు. అమ్మ చేసిన గోంగూర పచ్చడి జొన్నన్నంలో కలుపుకుని, దుమ్ముతో సహా తిని, ఇంకో ముద్ద పెట్టమనేవాడు. కనుబొమలు కలిసిపోయి, ఎడమ కన్ను కాస్త చిన్నదిగా ఉండి, ఎప్పుడూ ఎవరినో ఆటపట్టిస్తున్నట్టుండే మొహం. పొద్దస్తమానం నాన్న ఎదురుగా గొంతుక్కూర్చుని, "బాబాయ్, నా మొహం చెక్కరాదా," అని సతాయించేవాడు. "నీ మొహానికి రాయి దండగరా," అనేవాడు నాన్న. ఎవరితోనూ పరాచికాలాడని మనిషి కోటయ్యతో ఆడేవాడు. కోటయ్య వెళ్ళిపోయాక పందిరి చాలా రోజులు బోసిగా ఉంది.

మళ్ళీ అన్న ఒక్కడే వచ్చాడు, ఉద్యోగం వదిలేసి. ఏ సరిహద్దు, ఏ కొండ అన్నది ఇక్కడ రాయను. అన్న ఎప్పుడూ పేరు చెప్పలేదు, నేను ఊహించి రాస్తే బాగుండదు. కోటయ్య పోయాడని మాకు ఉత్తరంలో ముందే తెలుసు. వచ్చినవాడు ఉలి ముట్టలేదు, పొలం వైపు పోలేదు. పందిరి గుంజకు ఆనుకుని రాతిపొడిలో వేలితో గీతలు గీస్తూ కూర్చునేవాడు. నాదెండ్ల నుంచి కబుర్లు మొదలయ్యాయి. మాచర్ల వైపు వచ్చే ప్రతి మనిషితోనూ కోటయ్య తల్లి అంకమ్మ ఒకటే మాట చెప్పి పంపేది: మా వాడు ఎట్టా పోయాడో ఆ అబ్బాయిని వచ్చి చెప్పమనండి, అంతే చాలు. సర్కారు నుంచి వచ్చిన తంతిలో పోయాడన్న సంగతి తప్ప ఇంకేమీ లేదు. కబురు తెచ్చిన మనిషి వీధి మలుపులో కనపడగానే అన్న వెనక దారిన వెళ్ళిపోయేవాడు. అమ్మ వచ్చినవాళ్ళకు మజ్జిగిచ్చి, ఒంట్లో బాగాలేదనో, ఊళ్ళో లేడనో చెప్పి పంపేది. అబద్ధం చెప్పిన పూట ఆమె అన్నం సరిగా తినేది కాదు.

ఒకనాడు వచ్చిన మనిషి, ఆవిడే బయల్దేరి వస్తోందని చెప్పాడు. వచ్చే శుక్రవారమే ప్రయాణం. అమ్మ గడపలో కూలబడింది. అన్న లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. "నా నోట్లోంచి మాట రాదు నాయనా. ఆమె మొహం చూస్తే అసలే రాదు," అన్నాడు. నాన్న ఉలి ఆపకుండానే, "నోటితో చెప్పలేకపోతే చేత్తో చెప్పు. చెయ్యి ఉందిగా," అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. అన్న చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు నాతో, మిలిటరీలో తన పనేమిటో. రాయి చెక్కేవాళ్ళ పిల్లవాడని తెలిసి ఆఫీసర్లు అతన్ని మ్యాపుల గుడారంలో పెట్టుకున్నారట. అక్కడ నేల మీద మట్టితో కొండలూ వాగులూ చేసి, మనవాళ్ళు ఎక్కడున్నారో, అవతలివాళ్ళు ఎక్కడున్నారో పావులు పెట్టి చూసుకుంటారు. ఆ కొండలు పోసేదీ, రేషన్ పెట్టెల చెక్కతో ఆ పావులు చేసేదీ, ఆఫీసరు చెప్పినట్టు వాటిని జరిపేదీ మా అన్నే. ఆ గుడారం మన పందిట్లో మళ్ళీ పెడదామన్నాడు. "చూపిస్తా. చూపిస్తే ఆమెకే తెలుస్తది. నువ్వు బొమ్మలు వెయ్యి."

నాకప్పుడు ఇంటరు అయిపోయి, సంబంధాలు చూస్తున్నారు. బొమ్మలు బాగా వేస్తానన్న పేరు ఇంట్లో ఉండేది గానీ దానితో ఎవరికీ ఏ పనీ పడలేదు. మొదటిసారి పని పడింది. నేను మొదట కాగితం మీద వేసిన సిపాయిలు చాలా అందంగా వచ్చారు. టోపీ, మీసాలు, భుజాన తుపాకీ. అన్న చూసి కాగితం తిప్పి నేల మీద పెట్టాడు. "లేచి నిలబడు. ఇప్పుడు చూడు. మ్యాపు కింద ఉంటది, చూసేవాళ్ళు పైనుంటారు. పైనుంచి చూసేవాళ్ళకి నెత్తి కనపడుద్ది గానీ మొహం కనపడదు. నెత్తి మీద గుర్తు పెట్టు," అన్నాడు. దేవుడి బొమ్మను ఎదురుగా నిలబడి చూస్తారు కాబట్టి మా ఇంట్లో అందరికీ మొహం దగ్గర మొదలుపెట్టడమే తెలుసు. పావును తల దగ్గర మొదలుపెట్టాలన్నది నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత, నా పని గురించి ఎవరడిగినా నేను చెప్పే మొదటి పాఠం అదే. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం చెప్పను.

రెండో పాఠం మెడ. తల గుండ్రంగా, మొదలు వెడల్పుగా, మధ్యలో మెడ సన్నంగా ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు ఆ సందులో పడితేనే పక్కనున్న పావుకు తగలకుండా ఎత్తగలం. "అందర్నీ మెడ పట్టుకునే ఎత్తుతారా?" అని అడిగాను. అన్న ఇంకో రాయి ముక్క నాన్న వైపు తోశాడు. మనవాళ్ళకూ అవతలివాళ్ళకూ తేడా తెలియడానికి రంగులు కొనుక్కొద్దామన్నాను. నాన్న వద్దన్నాడు. మా రాయికి నూనె పట్టిస్తే నల్లగా మారుతుంది, పట్టించకపోతే బూడిదరంగులో ఉంటుంది. మనవాళ్ళకు నూనె పట్టించాం. నేను గీసిన కొలతలకు నాన్న గబగబా చెక్కేవాడు, నేను ఆకురాయితో అంచులు తీసేదాన్ని, అన్న ఒక్కోదాన్ని నేల మీద నిలబెట్టి, వేలితో తోసి, పడితే వెనక్కి ఇచ్చేవాడు. మొహాలున్నచోట ముక్కు గీత, గడ్డం వంపు మాత్రమే ఉండేవి. కళ్ళు లేవు. ఆట వస్తువులకు పెట్టం కాబట్టి ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో సంతోషంగానే ఉందని చెప్పాలి. అన్న ఇంటికొచ్చాక మొదటిసారి ఆకలేస్తోందని అడిగి అన్నం పెట్టించుకున్నాడు. ఏం కాబోతోందో తెలిసి కూడా మేము పని బాగా కుదిరిందని మురిసిపోయాం.

శుక్రవారం అంకమ్మ వచ్చింది, పదేళ్ళ కూతురు రమణను తోడు తీసుకుని. ఈ రమణే ఇప్పటి స్వప్న తల్లి. నేను ఏడుపులూ శోకాలూ వస్తాయని భయపడ్డాను. ఆమె ఏడవలేదు. పొడుగ్గా, నల్లగా, మిరపకోతకు బయల్దేరిన మనిషిలా కొంగు బిగించి వచ్చింది. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "ఈ దుమ్ములో ఎట్టా కాపురం చేస్తన్నావు తల్లీ," అంది. తర్వాత పందిట్లోకి చూసింది. అప్పటికే అన్న అక్కడ రాతిపొడిని తడిపి కొండలు పోసి ఉంచాడు. రెండు కొండలు, మధ్యలో పల్లం, ఒక పక్కగా వాగు. అమ్మ ఏళ్ళ తరబడి ఊడ్చి పారబోసిన దుమ్మే అది. పావులు వాటి చోట్లలో నిలబడి ఉన్నాయి. అంకమ్మ చాప వద్దని నేల మీదే కూర్చుంది.

అన్న ఆమె వైపు చూడలేదు. కొండల వైపే చూస్తూ చెప్పాడు. ఇది మనవాళ్ళ కొండ, అది వాళ్ళ కొండ. ఇక్కడ పల్లంలో కోటయ్య వాళ్ళు, దెబ్బ తగలని చోట. మాటలు ఆగినప్పుడు చెయ్యి చూపించేది. "పొద్దున్నే ఆఫీసరు మ్యాపు చూసి, ఈ గట్టు మీద మనోళ్ళు లేరు, ఖాళీగా ఉంది, ఆ పల్లంలో ఉన్నోళ్ళని ఇక్కడికి జరపమన్నాడమ్మా. ఆయన తప్పేం లేదు. అక్కడ ఎవరో ఒకరు ఉండాల్సిందే," అన్నాడు. వేళ్ళతో నల్లటి పావు మెడ పట్టుకుని పల్లంలోంచి ఎత్తి గట్టు మీద పెట్టాడు. తర్వాత అవతలి కొండ మీది బూడిదరంగు పావుల్ని చూపించాడు. వాటి నుంచి గట్టుకు అడ్డమేమీ లేదని మాకందరికీ కనపడింది. దాన్ని మాటల్లో చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అంకమ్మ కాసేపు చూసి, "మరి నువ్వు ఏడున్నావు నాయనా?" అని అడిగింది. మేము అన్న కోసం పావు చెయ్యలేదని నాకు అప్పుడే తట్టింది. అన్న రాతిపొడి అంచుకు అవతల, తను కూర్చున్న చోటే, అరచేత్తో నేలను తట్టాడు. "ఇక్కడ. బయట. జరిపింది నేనేనమ్మా. వాడు అందులో ఉన్నాడని తెలుసు. చెప్పగానే ఎత్తి పెట్టా. అరక్షణం కూడా ఆలోచించలా." అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు భయమేసింది, ఆమె అన్నను ఏమన్నా అంటుందేమో, అన్న ఇక జన్మలో తేరుకోడేమో అని. రమణ ఒక్కతే ఏమీ తెలియక బూడిదరంగు పావులు లెక్కపెట్టుకుంటోంది.

అంకమ్మ చేతులు నేలకానించి మెల్లగా వంగి, పక్కకు ఒరిగి, చెంప నేలకు ఆనించి పడుకుంది. ఆ గట్టు మీది పావు ఆమె కళ్ళకు ఎదురుగా వచ్చింది. అట్లా ఆ బొమ్మను మేమెవరం చూడలేదు. చేసిన నేను కూడా చూడలేదు. చెంపకూ, జుట్టుకూ రాతిపొడి అంటింది. చాలాసేపు చూసి, పడుకునే అడిగింది. "వీడికి కళ్ళేవన్నా?"

నాన్న ముందుకు వంగాడు. "ఆటబొమ్మలకు పెట్టం చెల్లెమ్మా. కళ్ళు తెరిపిస్తే ఇంక జరపకూడదు. ఎత్తకూడదు, పడెయ్యకూడదు."

"అందుకే పెట్టు. ఇంక వాణ్ణి ఎవరూ జరపకూడదు," అంది అంకమ్మ.

నాన్న వెంటనే ఒప్పుకోలేదు. తన తండ్రి నుంచి వచ్చిన నియమం అది. మనిషికి కళ్ళు తెరిపించిన చెయ్యి కాదిది అన్నాడు. ఆమె లేచి కూర్చుని, చెంప మీది పొడి తుడుచుకోకుండానే, "కారంపూడిలో పల్నాటి వీరుల గుళ్ళో ఉన్నది ఎవరన్నా? అమ్మకడుపున పుట్టినోళ్ళు కాదా?" అంది. నాన్న లేచి బావి దగ్గరికి వెళ్ళి తల మీద నీళ్ళు కుమ్మరించుకుని వచ్చాడు. పెట్టెలోంచి బంగారు సూది తీశాడు. సూది రాయి మీద పెట్టేముందు ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. ఏం గుర్తు చేసుకుంటున్నాడో నాకు పని పూర్తయ్యాక తెలిసింది. ఎడమ కన్ను కాస్త చిన్నదిగా వచ్చింది. కలిసిపోయిన కనుబొమలు వచ్చాయి. అంకమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ పావును కొంగులో కట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అన్న తల మీద చెయ్యి పెట్టి, ఏదో అనబోయి, అనకుండా తీసేసింది. ఆ అనని మాట కోసం అన్న ఎంతకాలం ఎదురుచూశాడో నాకు తెలియదు.

మిగతా పావులు ఇంట్లోనే ఉండిపోయాయి. అమ్మ కొన్నింటిని ఊరగాయ జాడీల మీద గుడ్డ ఎగరకుండా పెట్టుకుంది. వీధి పిల్లలు కొన్ని పట్టుకుపోయి ఆడుకున్నారు. అన్న మాత్రం ఆ తర్వాత ఏ పావునూ ముట్టలేదు. సాగర్ కాలవ మీద ఉద్యోగం దొరికితే చేరి, తూముల తలుపులు ఎత్తుతూ దించుతూ రిటైరయ్యాడు. మనవలు క్యారమ్స్ ఆడుతూ పిలిచినా పక్కన కూర్చుని చూసేవాడే గానీ వేలు పెట్టలేదు. నేను మాత్రం పెళ్ళయి నరసరావుపేట వచ్చేటప్పుడు ఒక నల్లదాన్నీ ఒక బూడిదదాన్నీ తెచ్చుకున్నాను. అవి ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నాయి.

ఆ రోజులతో పోలిస్తే ఇప్పటి పని చాలా సుఖం. దుమ్ము లేదు. నేను చెక్కతో చేసిన నమూనాను కుర్రవాళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించి, మెషీన్లో వేస్తే, అన్నం వండుకునేలోగా ఒక పటాలం బయటికొస్తుంది. ఫోన్లో దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. అయినా వాళ్ళు తిప్పి తిప్పి మొహం దగ్గరే ఆపుతారు. "ఆంటీ, కళ్ళు పెడితే ఇంకా రియల్‌గా ఉంటుంది," అంటారు. ఆడేటప్పుడు కనపడవు నాయనా అని చెప్తాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. వాళ్ళు మంచి పిల్లలు, నా మాట కాదనరు. మా నాన్న అయితే ఒక పావు చెయ్యడానికి పట్టే సమయంలో ఆ రాయితో ఎంతో కొంత మాట్లాడుకునేవాడు. ఇప్పుడు ఎవరికీ అంత తీరిక లేదు, నాకూ లేదు. పోగొట్టుకున్నామని చెప్పి బాధపడేంత గొప్ప సంగతి కూడా కాదేమో. ఆటలో ఓడిన పావు పెట్టెలోకి పోతుంది, మర్నాడు మళ్ళీ బయటికొస్తుంది, పిల్లలు నవ్వుకుంటారు. అట్లా ఉండటమే మంచిది.

స్వప్న వచ్చి వెళ్ళాక నేను దుర్గి వెళ్ళి అన్నతో చెప్పాను. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేశాయి. అంతా విని, "నావల్ల కాదమ్మాయ్. ఇంకెవరినన్నా తియ్యమను," అన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు. తిరుగుబస్సు ఎక్కించడానికి నాతోపాటు రోడ్డుదాకా వచ్చాడు. బస్సు వచ్చింది. నేను ఎక్కాను. వెనకే కర్ర పట్టుకుని తనూ ఎక్కాడు.

నరసరావుపేటలో ఇంకో బస్సు మారి నాదెండ్ల చేరేసరికి ఇల్లు ముందు వైపు కూలగొట్టి ఉంది. మేస్త్రీ గునపం పక్కన పెట్టి బీడీ తాగుతున్నాడు, మమ్మల్ని చూసి ఆర్పేశాడు. రమణ, ఇప్పుడు నెరిసిన జుట్టుతో, వెనక గది తలుపు తీసింది. గూడు నేను అనుకున్నట్టు కింద లేదు. గోడలో సరిగ్గా నిలబడ్డ మనిషి మొహం ఎత్తులో ఉంది. అంకమ్మ దాన్ని అట్లా ఎందుకు కట్టించుకుందో మాకు చెప్పాల్సిన పని లేదు. అన్న కర్ర గోడకానించి దాని ఎదురుగా నిలబడ్డాడు. బొమ్మ నూనెతో నల్లగా నిగనిగలాడుతోంది. రోజూ కడిగి, తుడిచి, బొట్టు పెట్టీ పెట్టీ మొహం అరిగిపోయింది. ముక్కు గీత లేదు, కనుబొమలు లేవు. కళ్ళున్నచోట వేలికి తగిలేంత గుంటలు కూడా మిగల్లేదు. ఆ కళ్ళు అడిగి పెట్టించుకున్న మనిషి వేళ్ళే వాటిని అరగదీశాయి.

స్వప్న చిన్నగా, "కళ్ళు లేవు గదా పెద్దమ్మా, ఇంక ఎవరన్నా జరపొచ్చేమో," అంది. మా ఇంటి లెక్క ప్రకారం అది నిజమే. కళ్ళు పోతే మళ్ళీ రాయే. నేను ఏదో చెప్పబోయాను. అన్న నా వైపు తిరగకుండానే, "కళ్ళు లేకపోతే ఏంది, వాడే గదా," అన్నాడు.

రెండు చేతులూ చాచాడు. మెడ పట్టుకోలేదు. మొదలు కింద ఒక అరచెయ్యి పెట్టి, వెనక వీపు మీద ఇంకో చెయ్యి వేశాడు, పసిపిల్లను ఎత్తుకునేటప్పుడు వేస్తామే అట్లా. కానీ ఎత్తలేదు. "కోటయ్యా," అన్నాడు. "ఇల్లు పడగొడుతున్నార్రా. నిన్ను జరపాల. జరపమంటావా?"

ఆగాడు. బయట మేస్త్రీ కూలీలతో ఏదో అంటూ అంటూ మానేశాడు. రమణ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అన్న అట్లాగే, చేతులు దాని చుట్టూ పెట్టుకుని, దాని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. మేమెవరం తొందరపెట్టలేదు. చాలాసేపటికి తల ఊపి, మెల్లగా ఎత్తాడు.